ఆరోగ్య మంత్రి గారూ, ధైర్యం చెప్పడం చాలు, ఓసీడీకి వైద్యం ఇప్పించండి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మీ మానసిక ఆరోగ్య పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది, ప్రారంభించింది మీరు, రిబ్బన్ కట్ చేసింది మీరు, గోడ మీద ఫోటో కూడా మీదే. అందుకని ఆ ఉపోద్ఘాతం వదిలేసి నేరుగా విషయానికొస్తా. మా తమ్ముడికి ఓసీడీ, అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, వద్దన్నా మీద పడే ఆలోచనలు, వాటి భయం దించుకోవడానికి చేసిందే చెయ్యడం. వాడి గురించి పెట్టిన అర్జీలన్నిటికీ మీ శాఖ నుంచి ఒకటే మెసేజ్, "మీ సమస్య పరిష్కరించబడింది" అని. ఎవరు పరిష్కరించారో ఎప్పుడు పరిష్కరించారో ఇంట్లో ఉన్న మాకు మాత్రం తెలీదు. ఓసీడీ ఉన్నవాడు తలుపుకి తాళం వేశాక కూడా వేశానా లేదా అని తేల్చుకోలేక చస్తాడు, మీ వాళ్ళేమో ఫైలు తెరవకుండానే పని అయిపోయిందని తేల్చేస్తారు. ఆ నమ్మకంలో కొంచెం మావాడికి పంచినా బాగుండేది సార్.

మీ హాస్పిటల్ గోడ మీద ఓసీడీ పోస్టర్ ఒకటి ఉంది, సబ్బు నురగతో రెండు చేతులు, కింద అతి శుభ్రత గురించి ఒక లైను. చేతులు కడుక్కోవడం ఓసీడీలో ఒక రకం, కాదనను, ఆ రకంతో చర్మం ఊడొచ్చేదాకా కడుక్కునేవాళ్ళ బాధ చిన్నదేం కాదు. కానీ మావాడి గది చూస్తే శుభ్రత అనే మాట మీరు జన్మలో ఎత్తరు. వాడి బాధ వేరే. మా పాపని ఎత్తుకుంటే కింద పడేస్తానేమో, దగ్గర్లో కత్తి ఉంటే ఏమైనా చేసేస్తానేమో అని ఆలోచన వస్తుంది, రావడం కాదు, మీద పడుతుంది. పాపంటే వాడికి ప్రాణం, అందుకే ఆ ఆలోచన అంత భయపెడుతుంది. ఈ జబ్బు లక్షణమే అది, మనిషికి ఏది అన్నిటికంటే ముఖ్యమో చాలాసార్లు దాన్నే పట్టుకుంటుంది, భక్తి ఉన్నవాడికి దేవుణ్ణి తిట్టే మాటలు మనసులోకి వస్తాయి, జాగ్రత్తగా బండి నడిపేవాడికి ఇందాక ఎవర్నో గుద్దేశానేమో అని అనుమానం. మీకు తెలుసో లేదో, 1978లో రాక్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు సైకాలజిస్టులు మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి అడిగితే వాళ్ళలో ఎక్కువమంది తమకీ ఇలాంటి పిచ్చి ఆలోచనలు వస్తాయని చెప్పారు. మీకూ నాకూ కూడా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటాయి, ఛీ ఇదేంటి అనుకుని పక్క పనిలో పడిపోయుంటాం. ఓసీడీ ఉన్నవాడు అలా పడిపోలేడు, ఇలాంటి ఆలోచన వచ్చిందంటే నేను ఎలాంటి మనిషిని అని ఆలోచనకి విచారణ మొదలుపెడతాడు, ఆ విచారణకి తీర్పు ఉండదు.

ఇప్పుడు మీ పథకం కింద జరిగిన కౌన్సెలింగ్ గురించి చెప్తా వినండి, ఎందుకంటే అర్జీలో ఇది రాసే చోటు లేదు, బాక్సులో పట్టదు. ఎంతో బతిమాలితే వాడు ఆ ఆలోచన నోరు తెరిచి బయట పెట్టాడు, మొదటిసారి, వణుకుతూ. ఎదురుగా కూర్చున్న కౌన్సెలర్ కుర్చీ వెనక్కి జరిపి, నన్ను బయటికి పిలిచి, పాపని ఇతనికి దూరంగా ఉంచండమ్మా, ఎందుకైనా మంచిది అంది. తలుపు సరిగ్గా మూసి లేదు, వాడు విన్నాడు. ఆ రోజు నుంచి వాడు పాప ఉన్న గదిలోకి రావడం మానేశాడు, అన్నం ప్లేటు గదిలోకి తీసుకెళ్ళి తింటాడు, పాప మామా అంటూ తలుపు కొడితే చెవులు మూసుకుంటాడు. తనకి వచ్చే ఆలోచన చూసి తనే హడలిపోయి తప్పించుకు తిరిగేవాడికీ, నిజంగా హాని చేద్దామనుకునేవాడికీ తేడా కనుక్కోవడం మానసిక వైద్యంలో మొదటి పాఠాల్లో ఒకటి కదా సార్. ఆ పాఠం చెప్పకుండానే ఆవిడని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరు? ఆవిడ మీద నాకు కోపం లేదు, నిజంగా లేదు, పొద్దుట్నుంచి ఆ గది ముందు లైను చూస్తే జాలేసింది. ఇచ్చిన కొద్ది రోజుల ట్రైనింగులో ఆవిడకి ఏం నేర్పారో అదే చెప్పింది. నా కోపం ఆ ట్రైనింగు ఫైలు మీద సంతకం పెట్టినవాళ్ళ మీద.

ఇంకో కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఆయన మంచాయన, మంచి మాటలే చెప్పాడు. గట్టిగా ఊపిరి పీల్చు, పాజిటివ్‌గా ఆలోచించు, ఆ ఆలోచన రాగానే చేతికి వేసుకున్న రబ్బరు బ్యాండు లాగి కొట్టుకో అన్నాడు. ఆలోచన రాకూడదు రాకూడదు అనుకుంటే ఇంకా ఎక్కువ వస్తుందని 1987లోనే డేనియల్ వెగ్నర్ ప్రయోగం చేసి చూపించాడు, తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెప్తే జనం దాన్ని తల్లోంచి తియ్యలేకపోయారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా మీ సెంటర్లో రబ్బరు బ్యాండు వైద్యం నడుస్తోంది. మణికట్టు ఎర్రగా కందిపోయింది, ఆలోచన ఎక్కడికీ పోలేదు.

ఇక మీ హెల్ప్‌లైన్. కాల్స్ బాగా పెరిగాయని మొన్న మీరు గర్వంగా చెప్పారు, అందులో మావాడి వాటా కొంచెం తీసెయ్యండి సార్. రాత్రి కాగానే ఫోన్ చేసి నేను చెడ్డవాణ్ణి కాదు కదా, నేనేం చెయ్యను కదా అని అడుగుతాడు, అటువైపు ఎవరో పాపం ఓపిగ్గా ఏం కాదు, మీరు మంచివాళ్ళు, ధైర్యంగా ఉండండి అంటారు. కాసేపు హాయి. కాసేపే. తర్వాత మళ్ళీ అనుమానం, వాళ్ళకి నేను సరిగ్గా చెప్పానా, ఒక ముక్క దాచానేమో, అందుకే మంచివాడన్నారేమో అని మళ్ళీ ఫోన్. ఇది గోకేకొద్దీ పెరిగే దురద. భయం పుడుతుంది, దాన్ని దించుకోవడానికి ఏదో ఒకటి చేస్తాడు, కడగడమో, చెక్ చెయ్యడమో, లెక్కపెట్టడమో, మనసులోనే ప్రార్థన తిప్పి తిప్పి చెప్పుకోవడమో, ఎవరినైనా అడగడమో, చెయ్యగానే భయం దిగుతుంది, ఇది చేశాను కాబట్టే బతికిపోయాను అని మెదడు నేర్చుకుంటుంది, రేపు ఇంకా గట్టిగా అడుగుతుంది. అంటే ధైర్యం చెప్పడం కూడా ఆ తంతులో భాగమైపోయింది, మీ ప్రభుత్వం ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా ఆ తంతు నడిపిస్తోంది. ఇంట్లో మేమూ అదే చేస్తూ వచ్చాం, ఎందుకంటే మీరు పంచిన కరపత్రంలో కుటుంబ సభ్యులు ధైర్యం చెప్పాలి అనే ఉంది.

దీనికి వైద్యం లేదా అంటే ఉంది, అదే కదా ఒళ్ళు మండేది. 1966లో విక్టర్ మేయర్ అనే ఆయన లండన్‌లో ఇద్దరు పేషెంట్ల మీద చేసి రాశాడు, భయపడే దాని ఎదుటికి తీసుకెళ్ళడం, వెళ్ళాక ఆ తంతు చెయ్యకుండా ఆపడం. తర్వాత ఎడ్నా ఫోవా లాంటివాళ్ళు దాన్ని పద్ధతిగా తయారుచేశారు. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, ఈఆర్‌పీ అంటారు, మీ అధికారుల్ని అడగండి, పేరైనా విన్నారేమో. 2005లో వచ్చిన ట్రయల్‌లో ఈఆర్‌పీ చేసినవాళ్ళు ఓసీడీకి ఇచ్చే క్లోమిప్రమీన్ అనే మందు ఒక్కటే వేసుకున్నవాళ్ళ కంటే బాగా మెరుగయ్యారు. 2013లో ఇంకోటి, మందుతో సరిగ్గా తగ్గనివాళ్ళకి రిస్పెరిడోన్ అనే ఇంకో మానసిక వ్యాధి మందు కలపడం కంటే ఈఆర్‌పీ కలిపితే చాలా మేలని తేలింది. మావాడికి కలిపింది ఏంటో ఊహించండి. రిస్పెరిడోనే.

ఆ ఈఆర్‌పీ ఎలా ఉంటుందో మేం బయట చూశాం. అప్పు చేసి ఒక ప్రైవేటు థెరపిస్టు దగ్గర వీడియో కాల్‌లో మొదలుపెట్టించాం. ఆవిడ మొదట చేసింది పది ప్రశ్నలున్న యేల్ బ్రౌన్ స్కేల్ తీసి స్కోరు వెయ్యడం, నలభైకి ఎంత అని. 1989 నుంచి ఉన్న స్కేలది, మీ సెంటర్లో ఏ ఒక్కరూ వాడి ముందు దాన్ని పెట్టలేదు, రోగం ఎంతుందో కొలవకుండా తగ్గిందని రాసుకున్నారు. తర్వాత భయాలన్నీ వాడిచేతే రాయించి సున్నా నుంచి నూరు దాకా మార్కులు వేయించింది. పాప బొమ్మ పట్టుకోవడానికి తక్కువ మార్కులు, పాప ఆడుకుంటున్న గదిలో కూర్చోవడానికి ఇంకొంచెం ఎక్కువ, ఎత్తుకుని మెట్లు దిగడానికి తొంభై పైన. కింద నుంచి మొదలుపెట్టి ఒక్కోటి చేయించింది, చేశాక మమ్మల్ని ఏమీ అడగకూడదు, మనసులో జపం చెయ్యకూడదు, భయంతోనే కూర్చోవాలి. తన భయాన్ని కాగితం మీద రాసి గట్టిగా చదవమంది, నేను ఆ పని చెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు, నూటికి నూరు శాతం ఎవరూ చెప్పలేరు అని. వింటుంటే నా కడుపులో తిప్పింది, ఇదేం వైద్యం అనిపించింది. కానీ చదివి చదివి వాడి గొంతులో వణుకు తగ్గడం నా చెవులతో విన్నాను. ఏదీ బలవంతంగా చేయించలేదు, ప్రతి మెట్టూ వాడు ఒప్పుకున్నాకే. నాకూ పని పెట్టింది, వాడు అక్కా నేనేం చెయ్యలేదు కదా అంటే ఇది ఓసీడీ అడుగుతోంది, దానికి నేను జవాబు చెప్పను, నీ పక్కనే కూర్చుంటా అనాలి. అలా అనడం ఎంత కష్టమో మీకు ఉత్తరంలో చెప్పలేను. మొత్తానికి వాడు పాప పక్కన నేల మీద కూర్చుని బ్లాకులు పేర్చేదాకా వచ్చాడు. అక్కడ మా డబ్బు అయిపోయింది. మామూలుగా ఈ థెరపీకి పన్నెండు నుంచి ఇరవై సెషన్లు కావాలట, ఒక్కోటి గంట, గంటన్నర. మేం సగం మెట్లలో దిగిపోయాం. మీ దగ్గర ఇచ్చేది ఐదు నిమిషాలు, అందులో ఆధార్ చూడ్డానికి రెండు.

మందు వద్దని అనట్లేదు, అపార్థం చేసుకోకండి. ఫ్లూఓక్సెటీన్, సెర్ట్రలీన్, ఫ్లూవోక్సమీన్ లాంటివి చాలామందికి పనిచేస్తాయి. కాకపోతే ఓసీడీకి డిప్రెషన్ కంటే ఎక్కువ డోసు కావాల్సి వస్తుంది, పనిచేస్తోందో లేదో తేలడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆగాలి. మీ ఓపీలో డాక్టర్ మారినప్పుడల్లా మందు మారుతుంది, ఏ మందుకీ పన్నెండు వారాల ఆయుష్షు లేదు. ఒకసారి అయితే స్టాక్ లేదు, వచ్చేవారం రండి అన్నారు, రోజూ వేసుకునే మాత్ర అలా ఠక్కున ఆపితే తల తిరుగుడు, నిద్ర పట్టకపోవడం, చిరాకు వస్తాయని ఫార్మసీ కిటికీలో వాళ్ళకి ఎవరూ చెప్పలేదా? స్టాక్ లేని వారం సర్దుకోండి అని ఆల్‌ప్రాజోలామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర చేతిలో పెట్టారు, దానికి అలవాటు పడితే మళ్ళీ అదొక జబ్బు.

నిపుణులు లేరు, మేమేం చెయ్యాలి అని మీ ఆఫీసులో అన్నారు. నిపుణులు ఆకాశం నుంచి ఊడిపడరు కదండీ. ఈఆర్‌పీకి రాసిపెట్టిన పద్ధతి ఉంది, ఉన్న సైకాలజిస్టులకే నేర్పించొచ్చు, తెలిసినవాళ్ళు పైనుంచి కొన్నాళ్ళు చూసుకుంటే చాలు, వీడియో కాల్‌లో కూడా నడుస్తుంది. అందరికీ పూర్తిగా తగ్గిపోతుందని నేను చెప్పను, కొందరికి తగ్గదు, మధ్యలో మానేసేవాళ్ళూ ఉంటారు, కానీ కడదాకా చేసినవాళ్ళలో సగానికి పైగా బాగా మెరుగవుతారు. నూటికి ఇద్దరి దాకా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు పడతారు, చాలామందికి టీనేజ్‌లోనో ఇరవైల మొదట్లోనో మొదలవుతుంది, సిగ్గుతో ఏళ్ళ తరబడి దాస్తారు. ఆ సిగ్గు దాటి నోరు తెరిచిన రోజున ఎదురుగా కుర్చీ వెనక్కి జరిపే మనిషి ఉంటే మళ్ళీ జన్మలో తెరవరు. మీ సెంటర్లో మావాడు ఇక తెరవట్లేదు.

దయచేసి కౌన్సెలర్లకి ఓసీడీ అంటే ఏంటో నేర్పించండి, ముఖ్యంగా చెడు ఆలోచన వేరు, చెడ్డ మనిషి వేరు అని. హెల్ప్‌లైన్ వాళ్ళకి చెప్పండి, ఒకే ప్రశ్న రోజూ అడిగేవాడికి జవాబు కాదు, దారి చూపించాలని. మందులు నెలకి సరిపడా ఒకేసారి ఇవ్వండి. ఆ పోస్టర్ మార్చండి, మార్చకపోయినా పర్లేదు గానీ థెరపీ పెట్టండి, అసలు థెరపీ, ఐదు నిమిషాల ధైర్యం కాదు. ఇవన్నీ ఒకేసారి కాదంటారా, సరే, ముందు ఒకటి చెయ్యండి. మీ పథకం బోర్డు మీద ఇన్ని సెంటర్ల పేర్లున్నాయి కదా, వాటిలో ఈఆర్‌పీ చెయ్యడం వచ్చిన మనిషి ఏ సెంటర్లో, వారంలో ఏ రోజు కూర్చుంటారో చెప్పండి. ఎంత దూరమైనా సరే, వాణ్ణి తీసుకుని నేనొస్తా.

ఇట్లు,
ఓసీడీతో ఉన్న ఒక తమ్ముడి అక్క