ముంపు నుంచి గుళ్లను గట్టెక్కించిన వారి పేర్లు రాసి పెట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం.

శ్రీశైలం నీటిమట్టం 885 అడుగులకు చేరితే మన పత్రికల్లో అది మొదటి పేజీ వార్త. వేసవిలో నీళ్లు వెనక్కి తగ్గి సప్తనదీ సంగమేశ్వరం బయటపడితే అదీ వార్తే. ఆ నీళ్లు రాకముందే రాయి రాయి విప్పి, మెరక మీదికి చేర్చి, మళ్లీ నిలబెట్టిన గుళ్ల గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క కనిపించదు. ప్రభుత్వం చేసిన తప్పులను ఎత్తిచూపే ఉత్తరాలు మీకు రోజూ వస్తుంటాయి, రావాలి కూడా. ప్రభుత్వ సిబ్బంది చేసిన ఒక గొప్ప పనిని గుర్తు చేయడానికి నేను ఈ ఉత్తరం రాస్తున్నాను.

తుంగభద్ర కృష్ణలో కలిసే చోట కూడవెల్లి అనే ఊరుండేది. బాదామి చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయం అక్కడే ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో ఊరు పోయింది, గుడి మిగిలింది. ఇప్పుడది అలంపురంలో ఉంది. పాపనాశి గుళ్ల సముదాయాన్ని కూడా అలాగే ముంపు తగలని చోటికి మార్చారు. అలంపురంలోని నవబ్రహ్మ ఆలయాలను మాత్రం కదిలించకుండా, నీళ్లు రాకుండా ఊరి పక్కన కట్ట కట్టారు. మా కర్నూలు శివార్లలో జగన్నాథగట్టు మీదున్న సంగమేశ్వరాలయం కూడా రూపాల సంగమం నుంచి తరలివచ్చిందే. గట్టు మీద ట్రిపుల్ ఐటీకి వచ్చే పిల్లలు రోజూ ఆ దారినే వెళ్తుంటారు. ఆ గుడి ఒకప్పుడు నది ఒడ్డున ఉండేదని వాళ్లలో ఎందరికి తెలుసు?

రాతిగుడిని విప్పి మళ్లీ కట్టడమంటే మాటలు కాదు. ఆ కట్టడాల్లో సిమెంటు లేదు, రాయి మీద రాయి బరువుతోనే నిలబడతాయి. ముందు కొలతలు తీసి, బొమ్మలు గీసి, ఫొటోలు తీసి, ప్రతి రాయికీ నంబరు వేయాలి. విప్పడం పైనుంచి మొదలవుతుంది, కట్టడం కిందినుంచి. అధిష్ఠానంలో, అంటే గుడి అడుగు పీఠంలో, ఒక్క వరస కాస్త ఒరిగినా ఆ తేడా పైకి పోయేకొద్దీ పెరుగుతుంది, శిఖరం మీద ఉసిరికాయ ఆకారపు రాయి, ఆమలకం, సరిగ్గా కూర్చోదు. మంచి చేయి తిరిగిన పనివాళ్లు లేకపోతే ఇది అయ్యే పని కాదు. అలంపురం వెళ్లినప్పుడు సంగమేశ్వరాలయం గోడ దగ్గర నిలబడి రాళ్ల అతుకులను చూడండి. విప్పి కట్టిన గుడి అని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. పనివాళ్ల నేర్పుకు అంతకంటే రుజువు అక్కర్లేదు. అయితే ఎవరూ గుర్తించకపోవడానికి కారణమూ అదే.

ఆ మధ్య నేను వెళ్లినప్పుడు ఒక గైడు యాత్రికులకు చాళుక్యుల గురించి చక్కగా చెబుతున్నాడు. "అప్పట్నించీ ఇక్కడే ఉందా అన్నా ఈ గుడి?" అని ఒక పిల్లవాడు అడిగాడు. "అవును నాయనా, పదమూడు వందల ఏళ్లనుంచీ" అన్నాడాయన. ఆయన్ని తప్పుపట్టను. చూసి చెప్పడానికి అక్కడ ఒక బోర్డు ఉంటే కదా!

ఈ పని ఎంత కష్టమో మనకు తెలిసిన ఉదాహరణ ఒకటి వరంగల్‌లో ఉంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని పునాది కుంగి 2006లో విప్పారు. తిరిగి కట్టి ప్రారంభించేసరికి 2024 మార్చి వచ్చింది. అక్కడ నీళ్లు తరుముకొస్తున్న తొందర లేదు. శ్రీశైలం కింద పనిచేసిన వాళ్లకు ఆనకట్ట లేస్తుండగా గడువు లోపల ముగించక తప్పని పరిస్థితి. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను 1964 నుంచి 1968 దాకా కొండ మీదికి ఎత్తిన కథ ప్రపంచమంతా చెప్పుకుంటుంది. మన పిల్లలూ దాన్ని చదువుతారు. అంతకు ముందే నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో కేంద్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మొత్తం నాగార్జునసాగర్ నీళ్లలోకి పోబోతుంటే దొరికినదంతా నమోదు చేసి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ మార్చి కట్టింది. లాంచీ దిగి మ్యూజియం చూసి వచ్చేవాళ్లకు బుద్ధుడి శిల్పాలు గుర్తుంటాయి. ఆ లోయలో ఎండకు ఎండి తవ్విన మనుషులు గుర్తుండరు.

ఇది చెబుతూ ఇంకో సంగతి దాటేస్తే నాకు మనసొప్పదు. దేవుడి గుడికి కొత్త చోటు దొరికింది కానీ, మనుషులకు అంత శ్రద్ధ దొరకలేదు. శ్రీశైలం కింద సుమారు వంద గ్రామాలు మునిగాయి. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 98 నంబరు జీవో కింద ఆ ఉద్యోగాల కోసం ఏళ్లకేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాలు మా జిల్లాలోనూ, పాలమూరులోనూ ఎన్నో ఉన్నాయి. గుళ్లను కాపాడిన పనిని మెచ్చుకుంటే వారి బాధను చిన్నబుచ్చినట్టు అవుతుందని కొందరు మిత్రులు నాతో అన్నారు. నేను అలా అనుకోను. కూడవెల్లి నుంచి లేచిపోయిన ఊరివాళ్లకు తమ ఊరి ఆనవాలుగా ఇప్పుడు మిగిలింది ఆ గుడే. బోర్డు మీద గుడి పేరుతో పాటు మునిగిన ఊరి పేరు కూడా రాయాలి.

ప్రభుత్వాలను నేను అడిగేది ఎక్కువ ఖర్చుతో కూడుకున్నది కాదు. అలంపురంలో, పాపనాశిలో, జగన్నాథగట్టు మీద గుడి ముందు ఒక బోర్డు పెట్టాలి. ఈ గుడి ముందెక్కడుండేది, ఎందుకు తరలించారు, ఎలా విప్పి ఎలా కట్టారు అనేవి తెలుగులో నాలుగు ముక్కలు రాయాలి. విప్పుతున్నప్పుడు తీసిన ఫొటోలు శాఖల దగ్గర ఉంటాయి. వాటిలో రెండు మూడు పెద్దవి చేయించి గుడి దగ్గరే ఉంచాలి. పని చేయించిన అధికారుల పేర్లే కాదు, శిల్పుల, మేస్త్రీల పేర్లు కూడా పాత మస్టర్లలో దొరికినంత వరకు రాయాలి. అలంపురం తెలంగాణలో, కర్నూలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయని ఈ పని రెండుగా చీలిపోకూడదు. ఉమ్మడి రాష్ట్రంలో అందరూ కలిసి చేసిన పని ఇది.

ఒక విషయంలో మాత్రం ఆలస్యం చేయడానికి లేదు. అప్పట్లో పాతికేళ్ల కుర్రవాళ్లుగా ఆ రాళ్లకు నంబర్లు వేసినవాళ్లు ఇప్పుడు డెబ్బయ్యో, ఎనభయ్యో దాటి ఉంటారు. కర్నూలు, గద్వాల, నంద్యాల ప్రాంతాల్లో అలాంటివారు ఉంటే ముందుకు రమ్మని మీ పత్రిక జిల్లా పేజీల్లో ఒక ప్రకటన వేయాలని నా మనవి. వారు చెప్పేది రాసుకోవడానికి చరిత్ర చదువుతున్న కాలేజీ పిల్లలను పంపమని నాకు తెలిసిన అధ్యాపకులను నేను అడుగుతాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, కర్నూలు