ప్రొపెల్లరును ఎడమకు తిప్పాలి

మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇంతకాలం జవాబు రాయనందుకు ఏ సాకూ చెప్పను, క్షమించు. ఈ కాగితం అంచున కనిపిస్తున్న నల్లటి వేలిముద్రను చూస్తే కారణం నీకే అర్థమవుతుంది. అందరం కులాసాగా ఉన్నాము. అమ్మ మోకాలినొప్పి తగ్గింది, పాపకు కొత్త తరగతి నచ్చింది, నా ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతోంది. నువ్వు అడిగిన తక్కిన సంగతులన్నీ వచ్చే ఉత్తరంలో రాస్తాను. రెండు గంటల క్రితం మా పెరట్లో జరిగినది ముందు నీకు చెప్పకపోతే ఈ రాత్రి నాకు నిద్రపట్టదు.

పడవను మలుపు తిప్పినప్పుడల్లా వెనుక నుంచి తిరగలి విసిరినట్టు మోత వస్తోందని కిందటి ఉత్తరంలో రాశాను కదా. తిన్నగా పోతున్నప్పుడు వినిపించేది కాదు. అది గింబల్ బేరింగేనని, అంటే ఇంజను నుంచి వెనక్కి వెళ్లే ఇరుసును పట్టి ఉంచే బేరింగేనని నువ్వు, ఇంజను బెల్టు అయి ఉంటుందని నేను వాదించుకున్నాము. నువ్వే గెలిచావు. పందెం మాట మాత్రం ఎత్తవద్దు.

నీది ఇంజను మొత్తం పడవ వెనుక బయటే వేలాడే అవుట్‌బోర్డు కాబట్టి నా అవస్థ నీకు తెలియాలంటే కొంత వివరించాలి. ఇంజను పడవ లోపల, ప్రొపెల్లరు ఉన్న కాలు బయట అనే ఈ స్టెర్న్‌డ్రైవ్ పద్ధతి 1959లో వోల్వో పెంటా వారి ఆక్వామాటిక్‌తో జనానికి పరిచయమైంది. ఆలోచన గొప్పదే, కాదనను. అయితే ఇంజను నుంచి కాలికి వెళ్లే షాఫ్టు (ఇరుసు) కోసం పడవ వెనుక పలకలో నీటిమట్టానికి దిగువన ఒక పెద్ద రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రానికీ నీటికీ మధ్య అడ్డుగా ఉండేది కొలిమితిత్తిలా మడతలు మడతలుగా ఉన్న ఒక రబ్బరు గొట్టం మాత్రమే. దానిని బెల్లోస్ అంటారు, నేను తిత్తి అనే రాస్తాను. తూట్లు పడిన తిత్తి గురించి మనవాళ్లు తత్త్వాలు పాడింది ఊరికే కాదు! నా తిత్తి అడుగు మడతలో గోరంత చీలిక పడింది, అందులోంచి చేరిన నీరు బేరింగును తుప్పు పట్టించింది. తప్పు నాదే. కాలును పూర్తిగా కిందికి దించి నిలిపితే రబ్బరు సాగకుండా ఉంటుందని తెలిసి కూడా, చూడటానికి బాగుంటుందని నెలల తరబడి పైకెత్తే ఉంచాను.

కాలును ఊడదీయడం అనుకున్నంత కష్టం కాలేదు. గేరును ఫార్వర్డ్‌లో పెట్టి, కాలును ఎత్తి దించే ట్రిమ్ సిలిండర్లు విప్పి, 6 నట్లు తీసి వెనక్కి లాగితే వచ్చేసింది. దాని బరువు నలభై కిలోలకు తక్కువ ఉండదు కనుక కింద చక్రాల బల్ల పెట్టుకున్నాను. అసలు నరకం ఆ తరువాత మొదలైంది. కాలు వచ్చి అమరే బెల్ హౌసింగును పట్టి ఉంచే రెండు కీలు పిన్నులు ఎప్పుడో పూసిన లాకింగ్ జిగురుతో బిగుసుకుపోయాయి. కుడివైపుది వేడి చేయగానే లొంగింది. ఎడమవైపుది మూడు రోజులు, రెండు చర్మపు పొరలు, నీకు తెలిసిన ఆ మాట కనీసం నలభైసార్లు తీసుకుంది. ఆ మాటను పాప వినలేదనే అనుకుంటున్నాను.

పాత బేరింగును స్లైడ్ హామర్‌తో పీకినప్పుడు గుప్పెడు ఎర్రటి తుప్పు నా ముఖం మీద రాలింది. కొత్తదానిని ఒక రాత్రంతా ఫ్రీజరులో ఉంచాను. చల్లబడిన లోహం వెంట్రుకవాసి కుంచించుకుంటుంది గనుక గూటిలోకి దింపడం తేలికయింది, కాని మా ఇంట్లో ఆ ఫ్రీజరు గురించి జరిగిన చర్చను మాత్రం రాయను. కొత్త తిత్తిని జిగురుతో అతికించాక దాని క్లాంపును బిగించాలి. ఆ స్క్రూ ఉన్న చోటుకు చెయ్యి దూరదు, చూపూ ఆనదు. 8 మి.మీ. సాకెట్టుకు రెండు ఎక్స్‌టెన్షన్లు తగిలించి, నేల మీద వెల్లకిలా పడుకుని, తలుపు సందులో పడిన తాళంచెవిని వెదికినట్టు తడుముతూ బిగించాను. స్క్రూ తలను సాకెట్టు అందే దిక్కుకు ముందే తిప్పి పెట్టుకోవాలన్న బుద్ధి నాకు మొదటి క్లాంపు పూర్తిగా బిగించేశాక వచ్చింది. మన నాలుగో బోల్టు శాస్త్రం ప్రకారం ఏదో ఒకటి మిగలాలి కదా అని డబ్బా అంతా వెదికాను. ఈసారి ఏదీ మిగలలేదు, అందుకే ఇంకా భయంగా ఉంది.

ఇంజను, బేరింగు ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూసే అలైన్‌మెంటు బార్‌ను బేరింగులోంచి ఇంజను కప్లరులోకి, అంటే షాఫ్టు వచ్చి దూరే గూటిలోకి తోస్తే మొదట మొరాయించింది. ముందువైపు ఇంజను మౌంట్లను కొద్దికొద్దిగా సవరిస్తూ పోగా, చివరికి రెండు వేళ్లతో తోస్తే చాలు, దూసుకుపోయింది. ఆ క్షణంలో నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఆ గర్వం ఈ మధ్యాహ్నం దాకానే నిలిచింది.

ఈ మధ్యాహ్నం కాలును తిరిగి ఎక్కించబోయాను. సాఫీగా లోపలికి వెళ్లి, సరిగ్గా రెండంగుళాలు మిగిలి ఉండగా ఆగిపోయింది. షాఫ్టు పళ్లు కప్లరు పళ్లలో కుదరడం లేదన్నమాట. అప్పుడు ప్రొపెల్లరును కొద్దిగా తిప్పుతూ తోయాలని నాకు తెలుసు. తిప్పాను, తోశాను, మళ్లీ తిప్పాను. గంటన్నర గడిచింది. నట్లు పెట్టి బిగిస్తే అదే లోపలికి వస్తుందిలే అన్న దుర్బుద్ధి కూడా పుట్టింది. అలా చేస్తే పళ్లు నలిగిపోతాయని తెలిసి కూడా ఒక నట్టు చేతిలోకి తీసుకున్నాను, నీ దగ్గర దాచను.

అప్పుడు పాప వచ్చింది. బ్యాటరీ తీసేసి ఉంది, తాళంచెవి నా జేబులోనే ఉంది కనుక వారించలేదు. అది వెనుక చతికిలబడి, గాలిమరలా ఉందంటూ ప్రొపెల్లరును తన వైపు నుంచి ఎడమకు తిప్పింది. నేను నట్టును నేల మీద పెట్టి, ఆఖరిసారి అనుకుని భుజంతో తోశాను. మెత్తగా ఒక చప్పుడు! కాలు మొత్తం వెళ్లి గాస్కెట్టుకు ఆనింది.

విషయమేమిటంటే, ఫార్వర్డ్ గేరులో ప్రొపెల్లరును వెనుక నుంచి చూస్తూ ఎడమకు తిప్పితేనే పై షాఫ్టు తిరుగుతుంది. కుడికి తిప్పితే క్లచ్ టకటకమని జారిపోతుంది, పైన ఏదీ కదలదు. నేను గంటన్నరసేపు కుడికే తిప్పాను! ఆ టకటకలు వింటూ, పళ్లు కుదురుతున్న శబ్దమే అది అని మురిసిపోయాను కూడా. నవ్వుకో. ఒకప్పుడు నీ అవస్థ చూసి నేను నవ్విన నవ్వుకు ఇది చెల్లు.

నట్లన్నీ 50 ఫుట్-పౌండ్లకు బిగించాను. తీసిన గేర్ ఆయిల్ పాలలా తెల్లబారలేదు, అంటే అందులో నీరు కలవలేదు కనుక లోపలి సీళ్లు బాగున్నట్టే. ఇక కొత్త ఆయిల్ నింపడమే మిగిలింది. దానిని కింది రంధ్రం నుంచి పైకి పంపు చేయాలి, లేకపోతే లోపల గాలి చిక్కుకుంటుంది. ఆ పని పాపకే అప్పగించి, పై రంధ్రంలోంచి కారగానే కేక వేయమని చెప్పి ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. నీళ్లలో దింపాక మోత వస్తుందో రాదో, వస్తే నీ మాట

కేక వేస్తోంది. పై మర నేనే పెట్టాలి, వెళ్తున్నాను.

నీ
కుడిచేతి వాటం మిత్రుడు