నూర్ కథలో లండన్ తప్పులూ రాయాలి

నూర్ ఇనాయత్ ఖాన్‌ మీద మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఆమెను టిప్పు సుల్తాన్ వంశపు వీరవనితగా పొగిడి ఊరుకుంటున్నాయే తప్ప, రెండో ప్రపంచ యుద్ధంలో ఆమెను గూఢచారిగా పంపిన బ్రిటన్ రహస్య సంస్థ ఎస్‌వోఈ చేసిన ఘోర తప్పిదాల జోలికి పోవడం లేదు. 1943 జూన్‌లో జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లో దిగిన కొద్దిరోజులకే ప్యారిస్‌లో తన దళం చెల్లాచెదురైనా, లండన్ వెనక్కి రమ్మన్నా ఆమె కదల్లేదు. సూట్‌కేసులో ఇమిడే వైర్‌లెస్ సెట్టు మోసుకుంటూ, ఇళ్లు మారుతూ సందేశాలు పంపారు. అక్టోబరులో పట్టుబడ్డాక జర్మన్లు ఆ సెట్టుతోనే ఆమె పేరిట సందేశాలు పంపితే లండన్ అధికారులు నమ్మేశారు! దాంతో 1944 ఫిబ్రవరిలో పారాచూట్లతో దిగిన ఏజెంట్లు నేరుగా శత్రువు చేతిలో పడ్డారు. అంతకుముందే హాలెండ్‌లో ఇలాంటి వలకే యాభై మందికి పైగా చిక్కారు. అయినా గుణపాఠం నేర్వలేదు. నూర్‌ను 1944 సెప్టెంబరులో డాఖావ్ నిర్బంధ శిబిరంలో కాల్చి చంపారు. ఆమె ఫైలు బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఎవరైనా చూడొచ్చు. మా ఊరి గ్రంథాలయంలో మాత్రం ఎస్‌వోఈపై తెలుగులో ఒక్క పుస్తకమూ దొరకలేదు. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ఆ పత్రాలను తెలుగులోకి తెచ్చి చౌకగా ప్రచురించాలి. పత్రికలు ఆమె వర్ధంతికి ఫొటోతో సరిపెట్టకుండా వాటిలోని భాగాలు వేయాలి.

– ఒక చరిత్ర ఉపాధ్యాయుడు, కర్నూలు