పాల ట్రే నా దగ్గరే ఉంది

విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధివాళ్ళందరికీ, పడవ మీద వచ్చి వెళ్ళిన ఆ కుర్రాడికీ నమస్కారం. వరద తగ్గి మూడు నెలలు దాటింది. ఇల్లు కడుక్కోవడం, నా కుట్టుమిషను బాగు చేయించుకోవడం, నష్టపరిహారం కాగితాల చుట్టూ తిరగడం, ఈ గొడవలో పడి చెప్పాల్సిన మాట చెప్పకుండా ఉండిపోయాను. కొందరు పేర్లు రాయొద్దన్నారు. కొందరి పేర్లు నేనే అడగలేదు. అందుకని వరసలు పెట్టి రాస్తాను, ఎవరి సంగతి వాళ్ళకి తెలుస్తుంది.

తెలియనివాళ్ళ కోసం ముందు మాలచ్చి గురించి చెప్పాలి. మా మెట్ల కింద ఉండే మూడు రంగుల పిల్లి అది. తెలుపు, నలుపు, ఇటుక రంగు. (మూడు రంగులుంటే దాదాపుగా ఆడపిల్లే అయి ఉంటుందని డాక్టరుగారు తర్వాత చెప్పారు. ఆ సంగతి తెలియకుండానే ఆడపేరు పెట్టేశాను.) నేనేమీ దాన్ని పెంచలేదు. చేపలు తెచ్చిన రోజున తలకాయలు పడేస్తే తినేది, అంతవరకే మా చుట్టరికం. 2024 ఆగస్టు 26న కృష్ణాష్టమికి గుమ్మం ముందు పిండితో చిన్ని పాదాలు వేశాను. తెల్లారి చూస్తే వాటిని తొక్కుకుంటూ ఇంకో వరస అడుగులు, పిండి అంటుకుని, మెట్లు దిగి వెళ్ళాయి. కృష్ణుడే వచ్చి వెళ్ళాడంది మా అత్తగారు. వెంట వెళ్ళి చూస్తే నీళ్ళ మోటారు పక్కన, నేను పారేసిన లైనింగు గుడ్డల్లో, కళ్ళు తెరవని పిల్లలు నాలుగు.

వారం తిరక్కుండానే నీళ్ళొచ్చాయి. 31వ తేదీ శనివారమంతా కుండపోత. ఆదివారం పొద్దున్న లేచేసరికి బుడమేరు వాగు మా వీధిలో ఉంది. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. మాలచ్చికి ఏడిళ్ళు ఎక్కడ దొరుకుతాయి, మెట్లే దిక్కయ్యాయి. ఒక్కోదాన్నీ నోట కరుచుకుని మా మొదటి అంతస్తు గుమ్మం దగ్గర పెట్టి మళ్ళీ దిగేది. మూడోదాన్ని తెచ్చేసరికి దాని పొట్ట తడిసింది. నాలుగోదాని కోసం దిగి, నీళ్ళు చూసి, మెట్టు మీద నిలబడి అరిచింది చూడండి, ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

కింద పోర్షను తమ్ముడూ, మొదటి దండం నీకే. నడుంలోతు నీళ్ళలో వచ్చావు. పిల్లల సర్టిఫికెట్ల కవరు నోట కరుచుకున్నావు. గ్యాస్ సిలిండరు నీళ్ళ మీద తేలుతుంటే ఒక చేత్తో నెట్టుకొస్తున్నావు. రెండో చేతిలో ఆ నాలుగోది. నీ టీవీ, ఫ్రిజ్జు, మంచాలు, పెళ్ళిలో పెట్టిన బీరువా అన్నీ లోపలే ఉన్నాయి. తర్వాత ఒకసారి అడిగాను, అంత గాభరాలో దాన్నెలా చూశావురా అని. "చూడలేదక్కా, మోటారు స్విచ్చి కట్టేద్దామని చెయ్యి పెడితే తగిలింది" అన్నావు. తగిలితే వదిలేసేవాళ్ళు కూడా ఉంటారు కదా తమ్ముడూ.

ఇక నా తప్పు కూడా చెప్పుకోవాలి. కరెంటు లేదు, కింద షాపులో నా మిషనూ, కస్టమర్ల జాకెట్లూ మునిగిపోయాయి. మాలచ్చికి తిండి లేదు. పడవల మీదా, డ్రోన్ల మీదా వచ్చేవి పులిహోర పొట్లాలు, బిస్కెట్లు, నీళ్ళ సీసాలు. పులిహోర అది ఎలా తింటుంది? రెండు రోజులకే పాలు ఎండిపోయినట్టున్నాయి, పిల్లలు ఒకటే ఏడుపు. చేతికొచ్చిన పాల ప్యాకెట్లో కాసిని నీళ్ళు కలిపి ఫిల్లరుతో పట్టాను. అదీ చంటిపిల్లాణ్ణి పట్టినట్టు వెల్లకిలా పెట్టి. మర్నాటికి నాలుగూ నీళ్ళ విరేచనాలు. అందులో బక్కది ఆ రాత్రి పోయింది. నా వల్లే పోయిందా అని డాక్టరుగార్ని అడిగితే అవుననలేదు, కాదనీ అనలేదు.

ఆ డాక్టరుగారు నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే మేడంగారి భర్త. పశుసంవర్ధక శాఖలో చేసి రిటైరయ్యారు. ఆయనకి ఫోను చెయ్యగలిగానంటే అది రెండో అంతస్తు పిన్నిగారి చలవ. పిన్నిగారూ, మీ అల్లుడు ఇచ్చిన పవర్ బ్యాంకు వీధిలో అందరికీ చుట్టాల క్షేమం కనుక్కోవడానికి. "పిల్లి కోసం పది శాతం ఎక్కించుకో, అంతకంటే ఎక్కించుకున్నావో ఊరుకోను" అన్నారు. పదే ఎక్కించుకున్నాను. ఆ పది శాతంలోనే డాక్టరుగారు మొత్తం చెప్పేశారు. ఆవు పాలు, గేదె పాలు వాటి కడుపుకి పడవు. తప్పనిసరై పట్టాలన్నా బోర్లా ఉంచే పట్టాలి, వెల్లకిలా పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్ళు చల్లబడి ఉన్నదానికి అసలేమీ పట్టకూడదు, ముందు వెచ్చబెట్టాలి. అన్నీ చెప్పి, చివర్న, "తల్లి ఉండగా నువ్వెందుకమ్మా పాలు పట్టడం? తల్లికి తిండి పెట్టు, పిల్లల సంగతి అది చూసుకుంటుంది" అన్నారు. తమ్ముడు తెచ్చిన సిలిండరు మీద నీళ్ళు కాచి, సీసాల్లో పోసి, జాకెట్టు గుడ్డలు చుట్టి పిల్లల పక్కన పెట్టాను.

తల్లికి పెట్టాలంటే ఏం పెట్టను?

పడవ నడిపిన అబ్బాయీ, ఇది నీ భాగం. బందరు వైపు వాడివని యాసని బట్టి అనుకున్నాను, పేరు అడగలేదు. రోజుకి రెండుసార్లు మా వీధిలోకి వచ్చేవాడివి. పై నుంచి చీర కొంగుకి బుట్ట కట్టి దింపితే పొట్లాలు వేసేవాడివి. మూడో రోజున సిగ్గు విడిచి అడిగాను, బాబూ, బాలింత పిల్లి ఉంది, గుడ్డు దొరుకుతుందా అని. పక్క మేడ మీద ఎవరో గట్టిగా నవ్వారు. నువ్వు నవ్వలేదు. సాయంత్రం ఉడికించిన గుడ్లు నాలుగు తెచ్చావు, మర్నాడు కాగితంలో చుట్టిన పచ్చి నెత్తళ్ళు. పడవ మలుపు తిరగకముందే మాలచ్చి పిట్టగోడ ఎక్కి కూర్చుంది. ఉప్పూ పసుపూ లేకుండా ఉడకబెట్టి పెడితే, ముళ్ళతో సహా తిని, రెండు గంటలు కదలకుండా పిల్లలకి పాలిచ్చింది. ఇంకోసారి వచ్చినప్పుడు, "ఇందులో పెట్టండి అమ్మగారూ, నీళ్ళు ఇంకా పెరిగితే ఒక్కసారే ఎత్తుకుని మేడెక్కొచ్చు" అని నీలం రంగు పాల ట్రే అందించావు. ఆ తర్వాత ఇంకెవరో వచ్చారు, నువ్వు రాలేదు.

వినాయక చవితి 7వ తేదీన పడింది. పత్రి లేదు, బొమ్మ లేదు, పసుపు ముద్దకే దండం పెట్టుకున్నాం. స్వామివారి వాహనం సంగతి ఆలోచించి ట్రేని పక్క గదిలోకి మార్చింది మా అత్తగారు. బుడమేరు గట్టుకి పడ్డ మూడో గండి కూడా పూడ్చేశారన్న వార్త ఆ రోజే వచ్చింది, ముగ్గురు పిల్లలకీ అప్పటికి కళ్ళు విచ్చుకున్నాయి. నీలం కళ్ళు. ముందు అందరికీ నీలమే, తర్వాత రంగు మారుతుందట.

నీళ్ళు తీశాక ఫైరింజన్లు వచ్చి ఇళ్ళలో బురద కడిగాయి గుర్తుందా? మా మెట్ల మీదికి పైపు పెట్టబోతున్నప్పుడు మాలచ్చి నోట్లో పిల్లతో అడ్డం వచ్చింది. ఆ యూనిఫాం అన్న పైపు కిందికి వంచి, మూడో పిల్ల కూడా మేడ మీదికి చేరేదాకా ఆగాడు. వెనకాల ఇంకా ఎన్ని ఇళ్ళున్నాయో అతనికి తెలుసు. మొహం కూడా సరిగ్గా చూడలేదు అన్నా, ఎక్కడున్నా చల్లగా ఉండు.

కిరాణా కొట్టు బాబాయిగారూ, మీ బియ్యం బస్తాలన్నీ నాని మొలకలొచ్చాయి. అయినా మిగిలిన కాటాని పది రోజులు నాకే వదిలేశారు. రోజుకి పది గ్రాములైనా పెరుగుతుంటే భయం లేదని డాక్టరుగారన్నారు. పొద్దున్నే మీ కొట్టుకొచ్చి పిల్లిపిల్లల్ని తూస్తుంటే, కిలో ఎంతమ్మా అని అడిగిన వాళ్ళక్కూడా నా నమస్కారాలు.

అందరూ ఒకలా లేరు, ఆ సంగతి దాచడమెందుకు? మనుషులకే దిక్కులేనప్పుడు పిల్లులేమిటని ఒకాయన గోనెసంచి తెచ్చి, చేపల మార్కెట్ దగ్గర వదిలేద్దామన్నాడు. ఆయన ఇల్లు కప్పు దాకా మునిగింది, కోపం ఎవరి మీద చూపించాలో తెలియని రోజులవి, నేనూ తప్పు పట్టను. కానీ కోర్టులో గుమాస్తాగా చేసిన మా వెనకింటి మావయ్యగారు ఊరుకుంటేగా! కుర్చీలోంచి లేవకుండానే, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, సెక్షన్ 11, ఆకలికి మాడేలా జంతువుని వదిలేయడం నేరం అని చదివేశారు. సంచి మడిచిపెట్టుకుని వెళ్ళిపోయాడాయన. పిల్లి శాపాలకి ఉట్లు తెగవంటారు గానీ మావయ్యగారి సెక్షన్లకి తెగుతాయి.

ఆ తర్వాత అసలు పని మిగిలింది. పాలిచ్చే పిల్లికి కూడా మళ్ళీ కడుపొస్తుందట, రెండు నెలలు తిరిగేసరికి ఇంకో కాన్పు. దాని ఆడపిల్లలకి నాలుగైదు నెలలకే మొదలు. ఇలా అయితే మెట్ల కింద చోటెక్కడిది? పిల్లలు పాలు మానాక మాలచ్చికి ఆపరేషన్ చేయించాలన్నారు డాక్టరుగారు. బోను ఆయనే అరువు తెచ్చారు. అందులో పడటానికి అది మూడు రాత్రులు తీసుకుంది. మొదటి రాత్రి తిండి మాత్రం తిని తలుపు పడకుండా బయటికొచ్చేసింది, రెండో రాత్రి ఎవరిదో ఇంకో గండుపిల్లి పడింది. ఆటో అన్నయ్యా, ఆసుపత్రికి తీసుకెళ్ళి తెచ్చినందుకు నువ్వు తీసుకున్నది గ్యాసు డబ్బులు మాత్రమే. దారి పొడుగునా అది అరుస్తుంటే "ఉండమ్మా, వచ్చేశాం" అని వెనక్కి తిరిగి చెబుతూనే ఉన్నావు. మందుల ఖర్చు నా బొత్తాల డబ్బాలో కస్టమర్లు వేసిన చిల్లరతోనే సరిపోయింది. ఏ చీరకి ఫాల్ కుట్టించుకున్న వాళ్ళు ఎంత వేశారో నేను చూడలేదు, చూసినా చెప్పను.

మాలచ్చి చెవి కొస ఇప్పుడు కొంచెం కత్తిరించి ఉంటుంది. ఎవరో కొట్టారని కంగారు పడి ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆపరేషన్ అయిందనడానికి గుర్తది, మళ్ళీ పట్టుకెళ్ళి పొట్ట కొయ్యకుండా.

పిల్లలకి గుండీ, కాజా, లేసు అని పేర్లు పెట్టాను, నా దుకాణంలో దొరికేవి అవే. గుండీని పాయకాపురంలో టీచరమ్మగారు తీసుకున్నారు, టీకాలు వేయించిన చీటీ కూడా నాకు పంపారు. లేసు తమ్ముడి ఇంట్లోనే ఉంది. దాన్ని నీళ్ళలోంచి తీసిన చేతులే కనుక, మేము అడగకుండానే వాళ్ళ పెద్దమ్మాయి చంకనేసుకుపోయింది. కాజా మాత్రం తల్లిని వదలదు. నేను కత్తిరించేటప్పుడు గుడ్డ మీద కూర్చుని కొలతలన్నీ చెడగొడుతుంది. ఈ సంక్రాంతికి ఎవరి జాకెట్టయినా ఓ అంగుళం అటూ ఇటూ అయితే కారణం అదీ.

పడవ అబ్బాయీ, ఇది నీ కంటపడుతుందో లేదో తెలియదు. ఆ ట్రే ఏ పాల కేంద్రం లెక్కలోదో, నీ జీతంలోంచి పట్టుకున్నారో ఏమో. కడిగి ఎండబెట్టి పైన పెట్టాను. రాజరాజేశ్వరిపేట వైపు వచ్చినప్పుడు ఇటు తిరిగి, మిషను చప్పుడు వినబడే మేడ కింద నిలబడి ఒక్క కేక వెయ్యి. కాకపోతే మధ్యాహ్నం పూట రాకు, అప్పుడు అందులో మాలచ్చి పడుకుని ఉంటుంది.