తెర మీద బొమ్మతో పాఠం: మొదలుపెట్టే ముందు

అందరికీ నమస్కారం. తెర మీద టీచరులా మాట్లాడే యానిమేషన్ బొమ్మతో పాఠం చెప్పబోయేవాళ్లు ఇది ఒకసారి చూసుకోండి.

బొమ్మ తెరలో ఆరో వంతు మించకుండా ఓ మూలన ఉంటే చాలు. దాని అసలు పని వేలితో చూపించడం. గుండె పటంలో ఎడమ జఠరిక అన్న మాట వినబడే క్షణానికే వేలు అక్కడ ఉండాలి. రెండు సెకన్లు ఆలస్యమైతే పిల్లల చూపు పైనున్న కర్ణిక దగ్గరే ఉండిపోతుంది. చూపించాక బొమ్మ కదలకూడదు. ఊరికే కళ్లార్పుతూ చెయ్యి ఊపుతుంటే పటం ఎవరు చూస్తారు? జిఫ్ (కదిలే బొమ్మల ఫైలు) వాడితే తయారుచేసేటప్పుడే లూప్, అంటే ఎన్నిసార్లు తిరగాలన్నది, ఒక్కసారికి పెట్టండి, లేకపోతే తిరుగుతూనే ఉంటుంది.

బొమ్మ చుట్టూ తెల్ల డబ్బా వస్తోందా? మామూలు ఎంపీ4 వీడియోలో పారదర్శకత ఉండదు, అంటే బొమ్మ వెనకున్న స్లైడ్ కనిపించదు. జిఫ్‌లో ఉన్నా అంచులు రంపంలా కనిపిస్తాయి. స్లైడ్ రంగునే బొమ్మ వెనక వేసి ఎక్స్‌పోర్ట్ చేసుకోవడం తేలిక.

బొమ్మ చెప్పే మాటలనే కింద అక్షరాల్లో వేయకండి. పటమూ అక్షరాలూ రెండూ కళ్ల మీదే పడతాయి. విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ చెప్పిన రిడండెన్సీ (అనవసర పునరుక్తి) సూత్రం ఇదే. వినికిడి లోపమున్న పిల్లలుంటే, లేదా పాఠం పరాయి భాషలో ఉంటే మాత్రం అక్షరాలు ఉండాల్సిందే.

ఒక్కో క్లిప్ నిమిషం దాటనివ్వకండి. చివర బొమ్మ ఒక ప్రశ్న అడగాలి, అక్కడ పాజ్ చేయండి. జవాబు పిల్లల నోటి నుంచే రావాలి, బొమ్మ చెప్పేస్తే అది టీవీ చూసినట్టే.

అన్నట్టు, కంప్యూటర్‌కి ప్రొజెక్టర్ హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించగానే శబ్దం ప్రొజెక్టర్‌లోకి వెళ్లిపోవచ్చు. సౌండ్ అవుట్‌పుట్ క్లాసుకు ముందే మార్చుకోండి.