మాకో గది ఇప్పించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాకు బైపోలార్ డిజార్డర్ ఉంది, అంటే మనసు ఒకసారి అతి ఉత్సాహంలోకి (మేనియా), ఒకసారి డిప్రెషన్‌లోకి పోయే జబ్బు. కొన్నేళ్లుగా దానికి మందుగా లిథియం వేసుకుంటున్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను, ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా కడుతున్నాను. మిమ్మల్ని అడగాలనుకుంటున్నది పెద్ద భవనమేమీ కాదు. ప్రతి జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ పక్కన ఒక గది. వారానికి ఒక సాయంత్రం మాలాంటివాళ్లం, మా ఇంట్లోవాళ్లు కూర్చుని మాట్లాడుకునేందుకు.

ఇప్పుడు ఆ పని టీ కొట్టు దగ్గర జరుగుతోంది. ఓపీ క్యూలో పరిచయమైన కొందరం అక్కడ కలుస్తాం. స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం లాంటివి ఉండే జబ్బు) ఉన్నవాళ్లు, నాలాంటి బైపోలార్‌వాళ్లు, కొడుకుల్ని తీసుకొచ్చే అమ్మలు. మా మాటలు వింటే మీరు కంగారు పడతారేమో. సెల్‌ఫోన్ బ్యాటరీలో ఉండేదీ లిథియమే కాబట్టి, నేను కాస్త నీరసంగా కనిపిస్తే “అన్నా, చార్జింగ్ పెట్టుకోలేదా?” అంటారు. ఆ గొంతుల్ని తగ్గించే ఒలాంజపిన్ అనే మందు వేసుకుంటే కొందరికి విపరీతమైన ఆకలి, బరువు పెరుగుతారు. అది వాడే ఒక తమ్ముడు “చెవిలో గొంతులన్నీ పోయాయి అన్నా, ఇప్పుడు రాత్రిపూట ఫ్రిజ్ ఒక్కటే పిలుస్తోంది” అన్నాడు. అక్కడున్న అమ్మలు కూడా పగలబడి నవ్వారు. కొడుకు జబ్బు గురించి ఇంట్లో గట్టిగా మాట్లాడటానికి కూడా భయపడే అమ్మలు వాళ్లు.

ఇది కాలక్షేపం అనుకోకండి. మా జబ్బులో మందు మానేయడం పెద్ద ప్రమాదం. బాగున్నప్పుడు ‘ఇంకెందుకులే’ అనిపిస్తుంది, మందు వల్ల చేతులు వణికినప్పుడు విసుగొస్తుంది. మానొద్దని డాక్టర్ గారు చెబుతారు, కానీ ఓపీలో ఆయనకు ఒక్కో పేషెంట్‌కి దొరికేది కొద్ది నిమిషాలే. అదే వణికే చేత్తో పక్కవాడు టీ తాగుతూ నవ్వుతుంటే మాత్రం మందు కొనసాగించాలనిపిస్తుంది.

ఇంకోటి చెప్పాలి. నా విషయంలో నవ్వే ఒక్కోసారి జబ్బు. మేనియా మొదలయ్యేటప్పుడు నిద్ర తగ్గుతుంది, మాట వేగం పెరుగుతుంది, జోకులు ఉప్పెనలా వస్తాయి. కొత్తవాళ్లకు అప్పుడు నేను మహా సరదా మనిషిని. మా వాళ్లు మాత్రం మోసపోరు. రాత్రి రెండింటికి వరసగా జోకులు పంపితే ఒక్కరూ నవ్వరు, “పడుకున్నావా? రేపు డాక్టర్ దగ్గరికి పోదాం” అని మెసేజ్ పెడతారు. ఈ తేడా ఇంత త్వరగా పట్టుకునేది ఈ దారిలో నడిచినవాళ్లే. అలాగే డిప్రెషన్ లోతులో ఉన్నవాడికి ఏ జోకూ పనిచేయదు. ఆ రోజు పక్కన ఊరికే కూర్చోవాలని కూడా వాళ్లకు తెలుసు.

గుజరాత్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2014 నుంచి నడిచిన, మానసిక వైద్యాన్నీ పేషెంట్ల హక్కుల్నీ మెరుగుపరిచే క్వాలిటీరైట్స్ కార్యక్రమంలో, జబ్బుతో జీవించినవాళ్లనే తోటి పేషెంట్లకు తోడుగా పెట్టి చూశారు. ఇక్కడా అలాంటివాళ్లకు శిక్షణ ఇచ్చి, గౌరవవేతనం ఇవ్వండి. మాలో ఎవరైనా చనిపోవాలన్న మాట మాట్లాడితే ఏం చేయాలో తెలిసిన మనిషి ఒకరు ఆ గదిలో ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 మా ఫోన్లలో ఉంది, మంచిదే, కానీ ఫోన్ అవతలి మనిషికి మా ముఖం కనిపించదు.

గది ఇచ్చినా మందుల కౌంటర్ ఖాళీగా ఉంటే లాభం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రభుత్వం ప్రకటించిన అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవి సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) నుంచి పై స్థాయి ఆసుపత్రులన్నిట్లో ఎప్పుడూ ఉచితంగా దొరకాలి. జాతీయ జాబితాలో లిథియం ఉంది. అయినా “స్టాక్ లేదు, బయట కొనుక్కోండి” అన్న మాట నేను ప్రభుత్వ కౌంటర్ దగ్గరే విన్నాను. లిథియం మోతాదు కాస్త ఎక్కువైనా విషమే, అందుకే రక్తంలో స్థాయి చూస్తుండాలి. ఆ పరీక్షకూ జిల్లాలవాళ్లు హైదరాబాద్ రావాల్సిన పని లేకుండా చేయండి.

చివరిది మీ సహచరుల గురించి. ప్రెస్‌మీట్‌లో ప్రత్యర్థి మీద కోపం వస్తే చాలు, హైదరాబాద్‌లోని మానసిక ఆసుపత్రి పేరు తీసి “వాణ్ని ఎర్రగడ్డ పంపాలి” అంటారు, అన్ని పార్టీలవాళ్లూ. మేమూ ఎర్రగడ్డ మీద జోకులేస్తాం. ఆ పేరు చెబితే “చూడ్డానికా, చేరడానికా?” అని అడిగిన ఆటో అన్న కథ మా దగ్గర చాలాసార్లు తిరిగింది. కానీ టీవీలో నాయకుడు దాన్ని తిట్టుగా వాడిన రాత్రి, మొదటిసారి డాక్టర్ దగ్గరికి పోదామనుకున్న ఒక కుర్రాడు ఆగిపోతాడు. ఎర్రగడ్డ మీ శాఖ నడిపే ఆసుపత్రి. మీ ప్రభుత్వ ఆసుపత్రి పేరు తిట్టు కావడం మీకూ అవమానమే కదా.

గదిలో కుర్చీలు మేమే సర్దుకుంటాం, టీ ఖర్చు మాదే. సాయంత్రం ఓపీ అయ్యాక తాళం తీసి ఉంచమని సూపరింటెండెంట్లకు మీరు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.

భవదీయుడు,
ఒక బైపోలార్ పేషెంట్, హైదరాబాద్