ఆ పెద్దాయనకి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియక రాస్తున్నాను

రాత్రి రెండు దాటింది. పక్కన డెస్క్‌టాప్‌లో వీడియో ఎక్స్‌పోర్ట్ అవుతోంది. ప్రాసెసర్ 71 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది. ఈ అంకె కోసం మూడు వారాలు ఎదురుచూశాను. నిద్ర ముంచుకొస్తోంది, కానీ ఇది రాయకుండా పడుకోలేను.

నేను పిల్లలకి లెక్కల పాఠాలు రికార్డు చేసి పంపిస్తాను. సరిగ్గా పరీక్షల ముందు నా కంప్యూటర్ మొరాయించింది. ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడే 62 డిగ్రీలు, ఎక్స్‌పోర్ట్ నొక్కగానే 100. అంత వేడెక్కితే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోడానికి వేగం తగ్గించేసుకుంటుంది. ఇరవై నిమిషాల పనికి రెండు గంటలు పట్టేది. రెండుసార్లు మధ్యలోనే ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే నల్లటి స్క్రీన్ మీద 'సీపీయూ ఓవర్ టెంపరేచర్ ఎర్రర్' అని, అంటే ప్రాసెసర్ మరీ వేడెక్కిందని వచ్చేది. అది చూస్తే గుండె దడదడలాడేది. దుమ్మంతా దులిపాను, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూశాను. ఏం తేడా లేదు.

సర్వీస్ సెంటర్‌లో ఇస్తే రెండు రోజులు ఉంచుకుని, "ప్రాసెసర్ పోయిందండీ, బోర్డు కూడా మార్చాలి, కొత్తది కొనుక్కోవడమే నయం" అన్నారు. చెకింగ్ చార్జీ మాత్రం ముందే కట్టించుకున్నారు. ఇంటికి తెచ్చి విప్పి చూస్తే, నేను దులిపినప్పుడు గుడ్డలోంచి ఊడి హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మ) రెక్కకి చిక్కుకున్న దారప్పోగు అలాగే ఉంది. అసలు మూత తీశారో లేదో! అడగడానికి మళ్ళీ వెళ్తే కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండా అదే మాట చెప్పాడు. మనకి తెలియదని తెలిస్తే చాలు, పాడైంది ఏమిటో వెతకరు, మార్చేయమంటారు. డబ్బున్నవాళ్ళు మారుస్తారు, లేనివాళ్ళ పని ఆగిపోతుంది. ఈ పద్ధతి మారాలి.

అప్పుడే పక్కన ప్రింటర్ పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన, "ఏమైందమ్మా?" అని అడిగారు. చెప్పాను. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: "పని మొదలుపెట్టాక వందకి చేరడానికి ఎంతసేపు పడుతోంది?"

"పది సెకన్లు కూడా పట్టదు సార్."

"అయితే దుమ్ము కాదు. దుమ్మయినా, గాలి ఆడకపోయినా వేడి మెల్లగా ఎక్కుతుంది. అంత గబుక్కున ఎక్కిందంటే హీట్‌సింక్ ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనడం లేదేమో. రాత్రి వీడియో కాల్ చెయ్యి, చూద్దాం. ఈలోపు కొత్తదేమీ కొనకు."

మూడు వారాల్లో నా మాట పూర్తిగా విన్న మొదటి మనిషి ఆయనే.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి మొదలుపెట్టాం. కరెంటు ప్లగ్గు తీయించి, టార్చి వేసి, బోర్డు వెనకవైపు చూడమన్నారు. నా కూలర్‌కి, అంటే హీట్‌సింక్, ఫ్యాన్ కలిసిన భాగానికి, బోర్డుకి బిగించే నాలుగు ప్లాస్టిక్ పిన్నులున్నాయి. మూడింటి తెల్లటి కాళ్ళు రంధ్రాల్లోంచి బయటికొచ్చి విచ్చుకుని ఉన్నాయి. నాలుగోది రానేలేదు. కూలర్ తీస్తే, దానికీ ప్రాసెసర్‌కీ మధ్య వేడి బాగా దాటడానికి పూసిన పాత పేస్టు మీద ఆ లోపం అచ్చు పడినట్టు కనిపించింది. ఒకవైపు నొక్కుకుపోయి పల్చగా ఉంది, రెండోవైపు మందంగా పూసింది పూసినట్టే ఉంది. పాత పేస్టంతా శుభ్రంగా తుడిపించి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టించారు. పిన్నుల తల మీద బాణం గుర్తు ఊడదీయడానికేనని, బిగించేటప్పుడు తిప్పకుండా ఎదురెదురు మూలల్లో జతలుగా నిలువునా నొక్కాలని చెప్పారు.

నొక్కితే బోర్డు వంగింది. విరుగుతుందేమోనని చేతులు వెనక్కి తీసేసుకున్నాను. అన్ని రోజుల అలసటకి ఏడుపొచ్చేసింది. ఆయన తొందరపెట్టలేదు. కాసేపు ఊరుకుని, ఫోను తన కంప్యూటర్ వైపు తిప్పారు. దాన్ని ఆపి, మూత తీసి, తన కూలర్ పిన్ను ఒకటి పైకి లాగి మళ్ళీ నొక్కారు. 'టక్' అని వినిపించింది. "చూశావా, నా బోర్డు కూడా వంగింది. ఏం కాలేదు. ఈ చప్పుడు వచ్చేదాకా నొక్కమ్మా."

నాకు నాలుగుసార్లూ ఆ చప్పుడు వినిపించింది.

కూలర్ ఒక మూల లేచిందంటే పేస్టు పట్టు వదిలిపోతుంది, మళ్ళీ తుడిచి రాసుకోవాల్సిందే. ఆ సంగతి నాకు మర్నాడు తట్టింది. నాకు ధైర్యం చెప్పడానికి, బాగా పనిచేస్తున్న తన కంప్యూటర్‌ని ఆయన అర్ధరాత్రి విప్పుకున్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తున్నాయి. పొద్దున ఆరింటికే మెసేజ్ పెట్టారు: "ఇప్పుడెంత చూపిస్తోంది?" ఊరికే ఉంటే 38, పూర్తి పని మీద 74 అని రాశాను. "ఇక పాఠాలు చెప్పుకో తల్లీ" అని జవాబు. ఏమైనా ఇస్తానంటే కోప్పడ్డారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. సార్, మీ మేలు ఈ జన్మలో మర్చిపోను.

మా ఆయన, అత్తయ్య ఈ మూడు వారాలూ ఇల్లంతా చూసుకున్నారు. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, పక్కింటి అబ్బాయిని మర్చిపోయాను. రాత్రి పదింటికి తలుపు కొడితే, తన దగ్గర మిగిలిన పేస్టు ట్యూబు తెచ్చిచ్చాడు. అది లేకపోతే ఆ రాత్రి పని అయ్యేదే కాదు. రెండు వారాలు తన ల్యాప్‌టాప్ ఇచ్చిన నా స్నేహితురాలికి కూడా థాంక్స్, రేపు తెచ్చిస్తానే. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ఫ్యాన్ చప్పుడు రాకుండా నెమ్మదిగా తిరిగే సైలెంట్ మోడ్‌లో ఉందని గుర్తుపట్టింది మా తమ్ముడు.

పాఠం కోసం ఆగిన పిల్లలూ, భిన్నాల వీడియో ఇప్పుడే 90 శాతం దాటింది. పొద్దున్నకి మీకు వచ్చేస్తుంది.